మొదటి సంతకం ఎవరిది

స్టోనీ ఫర్డ్, న్యూ హాంప్‌షైర్
26 మార్చి 1770

డోర్కాస్ అక్కకి, సముద్రానికి ఇవతల నుంచి నీ తమ్ముడు రాస్తున్నది.

ఈ ఉత్తరంతో పాటు ఓ చిన్న పీపా వస్తుంది. పైన ఉన్నది మేపుల్ చక్కెర. అది నీకే, పక్కింటివాళ్ళకి పంచిపెట్టకు. చక్కెర అడుగున నూనెగుడ్డలో చుట్టిన కాగితాల కట్ట ఉంది. అది నీది కాదు, పార్లమెంటుది.

ముందు ఇంటి సంగతులు. హెప్జీబాకి దగ్గు తగ్గింది. ఆవు ఈనింది, పెయ్యదూడ. వాగు ఇంకా గడ్డకట్టే ఉంది కాబట్టి కోత మిల్లు ఆగి ఉంది. అయినా మంచు కరిగాక తిరుగుతుందో లేదో చెప్పలేను. అసలు సంగతి అదే.

ఇక్కడ తెల్ల పైన్ చెట్టు మొదలు రెండడుగుల అడ్డం దాటిందంటే రాజుగారిదే. నా పొలంలో మొలిచినా సరే. ఆయన యుద్ధ ఓడలకి తెరచాప స్తంభాలు కావాలట. నీకు నవ్వొస్తుందేమో గాని, మా ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా నేలపలకలన్నీ, కొలిచినా దొరక్కుండా, రెండడుగులకి ఓ అంగుళం తక్కువే ఉంటాయి. రాజుగారి చెట్లు చూసే పాత తనిఖీదారు వచ్చేవాడు, రమ్ము తాగేవాడు, పోయేవాడు. ఇప్పుడు కొత్తాయన వచ్చాడు. తాగడు. అదీ మా ఖర్మ.

ఆయన ఫిబ్రవరిలో మంచుబండి మీద వచ్చి నా మిల్లు పెరట్లో పెద్ద దుంగలన్నిటి మీదా గొడ్డలితో మూడేసి గాట్లు పెట్టాడు, రాజుగారి సొత్తని చెప్పే బాణం ములికి గుర్తు. గుర్తు పడ్డ దుంగని కోస్తే మిల్లు జప్తు. కోయకపోతే నా పొయ్యిలో పిల్లి లేవదు. ఊళ్ళోవాళ్ళు ఇళ్ళకీ కొట్టాలకీ తోలుకొచ్చిన దుంగలు కూడా అందులోనే ఉన్నాయి.

పోయినేడు గవర్నరుకి మొర పెట్టుకున్నాం. ఆ కాగితం మీద మొదటి సంతకం సైలస్ రోది. మిగతావాళ్ళ జోలికి ఎవరూ రాలేదు గాని, సైలస్‌ని మాత్రం తీసుకెళ్ళి మా రేవుపట్నం పోర్ట్స్‌మత్ జైల్లో కూర్చోబెట్టారు. తిరిగొచ్చాక మనిషి మాట్లాడటమే తగ్గించాడు. అందుకని ఈసారి పార్లమెంటుకే రాసుకున్నాం, అదీ తెలివిగా. టోబియాస్ అని మాకో ముసలి నావికుడు ఉన్నాడు. "వరసగా పెడితే మొదటివాడే కదరా దొరికేది! బండిచక్రం ఆకుల్లా చుట్టూ పెట్టండి. ముందెవడో వెనకెవడో దేవుడు కూడా పట్టుకోలేడు" అన్నాడు. అలాగే ఊరంతా గుండ్రంగా పెట్టాం. నా మిల్లు మీద ఎప్పట్నుంచో కన్నేసి కూర్చున్న చర్చి పెద్ద ఇలీజర్ కూడా పెట్టాడంటే చూసుకో.

నువ్వు పార్లమెంటు దొరల చొక్కా చేతుల కుచ్చులు ఉతికి గంజి పెడతావు కదా అక్కా. అందులో ఓ మంచి దొరని చూసి ఇది చేతికివ్వు. మేం తిరగబడటం లేదు, అడుక్కుంటున్నాం. విన్నారంటే ఒప్పుకుంటారు. వినకపోవటానికి వాళ్ళేం పరాయివాళ్ళా, మనవాళ్ళేగా.

నీ తమ్ముడు
జాబెజ్ కింబర్

*

వెస్ట్‌మినిస్టర్, లండన్
22 మే 1770

ఒరే జాబెజూ,

చక్కెర అందింది. బాగుంది. సగం పక్కింటావిడకి పెట్టాను, ఏం చేసుకుంటావో చేసుకో.

కట్ట కూడా అందింది. ఆ పూటే కొత్త టోపీ పెట్టుకుని, ఉతికిన కుచ్చుల బుట్ట కింద దాన్ని పెట్టుకుని సర్ హంఫ్రీ డేల్బీ దొరగారింటికి వెళ్ళాను. మీ బావ పోయినప్పుడు పరామర్శ పంపిన దొర ఆయనొక్కడే. "ఏమిటమ్మా డోర్కాస్, ఇవాళ బుట్ట బరువుగా ఉందే?" అని నవ్వుతూ కట్ట విప్పాడు. రాత చదివినంతసేపూ తల ఊపాడు. తర్వాత సంతకాల చక్రం కనపడింది. ఆయన మొహం మాడిపోయింది చూడూ!

ఆయన పూర్వం యుద్ధ ఓడకి కెప్టెన్‌రా. నాకేం తెలుసు? "ఇది ఎవరు నేర్పారు నీ తమ్ముడికి?" అన్నాడు. "ఓడలో జనం తిరగబడబోయే ముందు ఇలా చుట్టూ సంతకాలు పెట్టి కెప్టెన్ బల్ల మీద పడేస్తారు. నేను అలాంటి కాగితం ఒకసారి అందుకున్నాను. దాన్ని పట్టుకెళ్ళి సభలో పెట్టమంటావా? సభలో సగం మంది నాలాంటివాళ్ళే" అన్నాడు. కాగితాన్ని వేలి చివరతో నావైపు నెట్టాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అడుక్కుంటున్నామని రాసి, కింద గొంతు పట్టుకునే గుర్తు పెడతారట్రా ఎవరైనా? ఆ టోబియాస్ ఎవడో గాని, నా చేతికి దొరికితే గంజి గుండిగలో ముంచుతాను.

ఆయన దయగలవాడు కాబట్టి పద్ధతి చెప్పాడు. సభకి వెళ్ళే అర్జీలో వేడికోలు రాసిన కాగితం మీదే, ఆ వేడికోలు కిందే సంతకాలు మొదలవ్వాలి. ఒకరి కింద ఒకరు, ఎవరి చేత్తో వాళ్ళు. పేర్లు కత్తిరించి అంటించేద్దామా అని నాకు బుద్ధి పుట్టిన మాట నిజం, కత్తెర కూడా తీశాను. అలా చేస్తే నేరమని ఆయనే ముందుగా హెచ్చరించాడు.

చివర్లో అడిగాడు: "ఎవడో ఒకడు ముందు నిలబడాలి డోర్కాస్. నీ తమ్ముడు నిలబడితే నేను తీసుకెళ్తాను. చట్టం దాటని మనిషేనా అతను?" నేను బైబిల్ మీద చెయ్యేసి, మావాడు పరాయివాళ్ళ పుల్ల కూడా ముట్టడండీ అన్నాను. సభ మూసేశారు, మళ్ళీ నవంబరులో గాని తెరవరు. ఈలోగా కొత్త కాగితం పంపు, నీ పేరు ముందు పెట్టి. నా మాట నిలబెట్టరా.

హెప్జీబాకి నా ముద్దులు. దగ్గుకి ఉల్లిరసం పట్టమను.

అక్క డోర్కాస్ పెల్

*

స్టోనీ ఫర్డ్
18 జూన్ 1770

అక్కా, అక్కా, అక్కా!

నీ ఉత్తరం ఇంకా రాలేదు గాని కబురు వచ్చేసింది! పోర్ట్స్‌మత్ రేవులో దిగిన ఓ ఓడ కెప్టెన్ చెప్పాడు, న్యూ హాంప్‌షైర్ నుంచి వచ్చిన అర్జీ పార్లమెంటులో చదివారనీ, దొరలు మెచ్చుకున్నారనీ. ఊళ్ళోకి ఆ మాట రాగానే జనం మా ఇంటి మీద పడ్డారు. టోబియాస్ నన్ను భుజాల మీదికి ఎత్తబోయి ఇద్దరం కలిసి రంపపు పొట్టులో పడ్డాం. మాట్లాడని సైలస్ కూడా నా చెయ్యి పట్టుకుని "మీ అక్క గొప్పదయ్యా" అన్నాడు. హెప్జీబా పంది మాంసం వేసి బీన్స్ కుండ పొయ్యి మీద పెట్టి ఊరందరికీ వడ్డించింది.

ఇంక ఆగలేదు నేను. మర్నాడే వాగునీటి గేటు ఎత్తి, గుర్తు పడ్డ దుంగల్లో సైలస్ కొట్టానికి సరిపడా కోసేశాను. పోయిన చలికాలం అతని పశువులు ఆరుబయటే నిలబడ్డాయి. రాజుగారు ఒప్పుకున్నాక ఇంకా ఎందుకు వాటిని ఏడిపించటం?

అంత వెడల్పు పలక నా రంపం కింద నుంచి రావటం ఇదే మొదటిసారి. దాని మీద పడుకున్నాను అక్కా, నవ్వకు. అటూ ఇటూ చేతులు చాపినా ఇంకా పలక మిగిలింది.

నీకు ఏం పంపమంటావు? అడుగు. ఏదైనా అడుగు.

నీ జాబెజ్

*

వెస్ట్‌మినిస్టర్
19 ఆగస్టు 1770

జాబెజ్,

కొంప ముంచావురా.

నీ జూన్ ఉత్తరం ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి చదివాను. ఇస్త్రీపెట్టె కింద కుచ్చు మాడి వాసన వచ్చేదాకా నాకు ఒళ్ళు తెలీలేదు. మీ కెప్టెన్ చెప్పిన అర్జీ మీది కాదు. పోర్ట్స్‌మత్ వర్తకులు చేపల ఎగుమతి గురించి పెట్టుకున్నదట, ఎవరో చదివారు, ఎవరో మెచ్చుకున్నారు. మీది నా పెట్టెలో, నా పెళ్ళి గౌను కింద ఉంది. దొరగారిల్లు తప్ప అది ఇంకో గడప తొక్కలేదు.

నా మే నెల ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. అందులో నేను రాసింది మర్చిపో. నువ్వు ముందు సంతకం పెట్టొద్దు. చట్టం దాటడని నేను బైబిల్ మీద చెయ్యేసి చెప్పిన మనిషివి, గుర్తు పడ్డ దుంగల్ని కోసి వాటి మీద పడుకున్నావు! ఆ పేరు చూపించి దొరగారిని సభలో నిలబెట్టనా? రేపు ఎవరైనా లేచి "ఈయన దొంగ కదా" అంటే ఆయన పరువేం కాను, నా నోరేం కాను? ఇంకెవరినైనా పెట్టించు. ఆ ఇలీజర్‌ని పెట్టించు, చర్చి పెద్ద కదా.

నిన్ను తిట్టే హక్కు నాకుంది, అమ్మ పోయేటప్పుడు నిన్ను నా ఒళ్ళో పెట్టి పోయింది. కానీ తిట్టబుద్ధి కావటం లేదు. భయమేస్తోంది. పట్టుకుంటే నిన్నేం చేస్తారు? మిల్లు తీసేసుకుంటారా, నిన్ను కూడా తీసుకుపోతారా? వెంటనే రాయి.

సైలస్ పశువులకి ఇప్పుడు కప్పు ఉందా?

డోర్కాస్

*

స్టోనీ ఫర్డ్
14 సెప్టెంబరు 1770

డోర్కాస్ అక్కకి,

నీ మే నెల ఉత్తరం ఆగస్టు నెల మధ్యలో చేరింది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

నిజం చెప్పనా, మొదట నీ మీద కోపం వచ్చింది. నేను ఊరందరి ముందూ మా అక్క సాధించిందని ఎగిరాను, నువ్వేమో దొరగారి మొహం మాడిందని మా కాగితాన్ని పెట్టెలో పడేశావు. లండన్ వెళ్ళాక నీకు మేం అడవి మనుషుల్లా కనపడుతున్నాం అనుకున్నాను. వారం రోజులు హెప్జీబాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. చివరికి ఆవిడే "మీ అక్క కాకపోతే ఆ దొరగారు ఆ కాగితం వాసన కూడా చూసేవాడు కాదు. లేచి ఊళ్ళోవాళ్ళకి నిజం చెప్పిరా" అని తోసింది. చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది.

కొత్త అర్జీ రాశాం. ఇంక సంతకాలు. అక్కా, నువ్వు చూడాల్సింది! అంతకుముందు దాకా "ప్రాణాలైనా ఇస్తాం" అన్నవాళ్ళే. కలం బల్ల మీద పెట్టగానే ఒకడికి ఆవు ఈనే వేళయింది. ఇంకొకడు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు. ఇలీజర్ చేతికి వాతం కమ్మింది. "వయసులో పెద్దవాళ్ళు ముందుండాలి" అని కుర్రాళ్ళు, "రేపు అనుభవించేది మీరేగా, మీరే ముందుండాలి" అని పెద్దవాళ్ళు. టోబియాస్ అయితే మళ్ళీ చక్రమే గీద్దామన్నాడు. సైలస్ ఒక్కడే లేచి కలం దగ్గరికి వచ్చాడు. మళ్ళీ జైలుకి అతన్ని ఎలా పంపిస్తాం? నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

బుట్టలమ్మే ఆవిడ ఒకతె, ఈ అడవుల్లో మాకంటే ముందున్న అబెనాకి తెగది, ఆ రోజు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "మీ చెట్ల కోసం దూరంగా ఉన్న రాజుని అడుగుతున్నారా? ఈ చెట్ల కోసం మా వాళ్ళు మిమ్మల్ని అడిగారు" అని, బుట్టలు ఎత్తుకుని పోయింది.

నువ్వు మాటిచ్చావు కాబట్టి మొదటి సంతకం నేనే పెట్టాలి. కానీ అర్జీలో "మేమందరం చట్టానికి లోబడి నడుచుకుంటున్నాం" అని ఉంది. దాని కింద నా పేరు ఎలా రాయను? రెండు రోజులు నిద్రపట్టలేదు. చివరికి వేడికోలుకి ముందు ఇంకో వాక్యం నేనే కలిపాను: "మాలో ఒకడైన జాబెజ్ కింబర్ అనేవాడు, అర్జీని సభవారు మన్నించారన్న తప్పుడు కబురు నమ్మి, రాజుగారి గుర్తు ఉన్న దుంగలను కోసినాడు. ఆ తప్పు అతనొక్కడిదే." వేడికోలు కింద మొదట నా సంతకం. నా సంతకం ఆరకముందే మిగతావాళ్ళంతా తోసుకుంటూ వచ్చి పెట్టారు, వాతం చెయ్యితో సహా.

దీన్ని చూస్తే తనిఖీదారుకి ఇంకే సాక్ష్యం అక్కర్లేదు. మిల్లు పోవచ్చు. అయినా పార్లమెంటు ముందే వింటే నిలబడుతుంది. దొరగారికి ఇస్తావో చింపుతావో నీ ఇష్టం. నీ మాట అబద్ధమైనందుకు మాత్రం నన్ను క్షమించు.

జాబెజ్

*

వెస్ట్‌మినిస్టర్
12 ఫిబ్రవరి 1771

నా తండ్రీ, జాబెజూ,

నీ కట్ట నవంబరులో వచ్చింది. ముందు పెట్టొద్దని నేను రాసిన ఉత్తరం నీకు చేరకుండానే నువ్వు పెట్టేశావు. మొదటి పేరు నీది చూసి కూలబడ్డాను. తర్వాత పైనున్న వాక్యం చదివాను. చదివి ఏడ్చాను. నిన్ను పెంచింది నేనే కదా అని కాస్త పొంగిపోయాను కూడా, ఎవరికీ చెప్పకు.

సర్ హంఫ్రీ దగ్గరికి పట్టుకెళ్ళి, ఏమీ దాచకుండా చెప్పేశాను. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"మీ తమ్ముడు బుద్ధి లేనివాడమ్మా."

"అవునండీ."

"దొంగైతే ఇది రాయడు" అని కట్ట జేబులో పెట్టుకున్నాడు.

సభలో వరస రావటానికి ఇన్నాళ్ళు పట్టింది. నిన్న ఆ రోజు వచ్చింది. ద్వారపాలకుడి మెడపట్టీలు ఇస్త్రీ చేసేది నేనే, ఆయన నన్ను పైనున్న గ్యాలరీ మూలలో కూర్చోనిచ్చాడు. అక్కడికి వెళ్ళటం నాకు అదే మొదలు. మన చర్చిలా నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. భోజనాల వేళ అట, బెంచీలు సగానికి సగం ఖాళీ. ఉన్నవాళ్ళలో ఒకాయన నారింజ వొలుస్తున్నాడు, ఒకాయన కాళ్ళు బారచాపి నిద్రపోతున్నాడు. వాళ్ళ చేతికున్న కుచ్చులు నేను మొన్న గంజి పెట్టినవే.

సర్ హంఫ్రీ లేచి బాగా మాట్లాడాడురా. నీ వాక్యం కూడా చెప్పాడు. గుమాస్తా అర్జీ చదివాడు. "జాబెజ్ కింబర్, మరికొందరు" అన్నాడు. అంతే, మిగతా పేర్లు చదవలేదు. బల్ల మీద ఉండనివ్వండి అన్నారు. గుమాస్తా దాన్ని వేరే కట్టల మీద పెట్టాడు, కాసేపటికి దాని మీద ఇంకో కట్ట పెట్టాడు. కాదని ఎవరూ అనలేదు. ఔననీ అనలేదు. నారింజాయన తల కూడా ఎత్తలేదు. ఇంక ఏమవుతుందని ద్వారపాలకుణ్ణి అడిగాను. "ఏమీ అవదమ్మా. అక్కడే ఉంటుంది" అన్నాడు.

ఒక్క చేతి కుచ్చు ఇస్త్రీ చేయటానికి నాకు అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

బయట సర్ హంఫ్రీ నా కోసం ఆగాడు. "నా వల్ల అయింది ఇంతే డోర్కాస్" అన్నాడు, కళ్ళు నా వైపు తిప్పలేదు. ఆయన్ని ఏమనను? దండం పెట్టి వచ్చేశాను.

నేను ఈ పార్లమెంటు గోడల నీడలోనే బతికాను. వాళ్ళు దొరలు, వింటారు, మర్యాదగా అడగటం మనకి రావాలంతే అనుకున్నాను. నిన్ను కూడా అలాగే అనుకునేలా చేశాను. ఇప్పుడు అదే నోటితో చెప్తున్నాను, ఇంక వీళ్ళని అడగొద్దురా. నీకు మన అమ్మ మీద ఒట్టు.

నీ మీద కేసు ఏమైనా పెట్టారేమో రాయి. రాత్రిళ్ళు గాలి వీస్తే చాలు, నీ ఉత్తరం తెచ్చే ఓడ గురించే ఆలోచిస్తున్నాను.

అక్క

*

స్టోనీ ఫర్డ్
6 మే 1771

అక్కా,

నీ ఉత్తరం ఏప్రిల్ చివర్లో అందింది. ఆదివారం చర్చి అయ్యాక అందరి ముందూ చదివాను. "జాబెజ్ కింబర్, మరికొందరు" అన్న చోట గొడవ మొదలైంది. "మరికొందరు ఏమిటి? నా పేరు చదవలేదా?" అని ఇలీజర్ లేచాడు. ముందు పెట్టటానికి సైలస్ తప్ప ఒక్కడూ రాలేదు గాని, పేరు పార్లమెంటులో వినపడలేదని ప్రతివాడికీ కోపమే. టోబియాస్ అయితే ద్వారపాలకుడికి ఉత్తరం రాయమన్నాడు. నవ్వీ నవ్వీ హెప్జీబాకి దగ్గు తిరగబెట్టింది.

ఇప్పుడు నా సంగతి. చలికాలంలో తనిఖీదారు మళ్ళీ వచ్చి గుర్తు పడ్డ దుంగలు లెక్కపెట్టాడు, తక్కువయ్యాయి. మార్చిలో పోర్ట్స్‌మత్ కోర్టులో నిలబడ్డాను. జ్యూరీ లేదు, రాజుగారి ఓడల కేసులు చూసే న్యాయాధికారి ఒక్కడే. కోశావా అన్నాడు, కోశాను అన్నాను. జైలు వేయలేదు, జరిమానా వేశాడు. నేను కట్టలేనంత. కాబట్టి మిల్లు వేలం అన్నాడు.

ఆ వేలం మొన్న జరిగింది. తనిఖీదారు ఇద్దరు బంట్లని వెంటబెట్టుకుని వచ్చి, వాగొడ్డున డప్పు కొట్టించాడు. ఊరంతా వచ్చింది. నేను వాళ్ళ మొహాలు చూడలేకపోయాను అక్కా. ఎవరో ఒకరు కొనాలి, కొనటం తప్పు కూడా కాదు. పిల్లలున్నవాళ్ళు, మిల్లు లేక ఇల్లు కట్టుకోలేనివాళ్ళు. ఇలీజర్ అయితే ఈ రోజు కోసమే బతికాడని నాకు తెలుసు. అతను ముందు వరసలో నిలబడ్డాడు, మంచి కోటు వేసుకుని.

తనిఖీదారు పాట మొదలుపెట్టాడు. ఎవరూ పలకలేదు. ధర తగ్గించాడు. పలకలేదు. ఇంకా తగ్గించాడు. చివరికి గొర్రెపిల్లకి కూడా రాని ధరకి దించాడు. అయినా పాట రాలేదు. ఆయనకి ఒళ్ళు మండి, ఇలీజర్ ఎదటికి వచ్చి, "మీకు మిల్లు కావాలని ఈ తాలూకా అంతా తెలుసు. ఊ అంటే చాలు, మీదే!" అన్నాడు.

ఇలీజర్ నా మిల్లు వైపు చాలాసేపు చూశాడు.

"మాకు మిల్లు ఉందండీ" అన్నాడు. "జాబెజ్ నడుపుతాడు."

తర్వాత వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే అందరూ వెళ్ళిపోయారు. వేలం పెట్టేవాడు మిగిలాడు గాని పాడేవాడు లేడు. ఇంక ఆయన తలుపుకి జప్తు కాగితం కొట్టి, పోర్ట్స్‌మత్ నుంచి కొనేవాళ్ళని తెస్తానని బెదిరించి పోయాడు. తెస్తాడేమో కూడా. అది మాకందరికీ తెలుసు.

నేను గడప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. హెప్జీబా వచ్చి పక్కన కూర్చుంది.

మళ్ళీ అర్జీ రాద్దామా అని నన్ను ఎవరూ అడగలేదు. నువ్వు ఒట్టు పెట్టావు కదా, నేనూ అడగను. రేపు పొద్దున్నే ఆ కాగితం పీకేసి గేటు ఎత్తుతున్నాను. మొదటి దుంగ ఇలీజర్‌ది.

నీ తమ్ముడు
జాబెజ్